జడ్జిగారి పెరట్లో పసుపు రాళ్ళు

పోయినవాటి లెక్క ముందు చెప్పేస్తాను. తొమ్మిది గదుల చెక్క ఇల్లు ఒకటి. దానికి రెండు ఇటుక పొగగొట్టాలు, ఇరవై రెండు కిటికీలు. నాలుగు కిటికీలకు పాతకాలపు గాజు ఉండేది. అందులోంచి చూస్తే పెరట్లో చెట్లు నీళ్ళలో నిలబడినట్టు వణికేవి. పెకాన్ చెట్లు మూడు. ఆపిల్ చెట్లు, కాపు మానేసినవి కూడా కలుపుకుని, ఆరు. వరండాలో ఉయ్యాల ఒకటి. ముందు గదిలో గోడకు వేలాడే సర్వే గొలుసు ఒకటి. ఆ ఇంటి యజమానురాలు మిస్ ఎడా పెండ్రీ. మా అమ్మ. ఒకరి భాష ఒకరికి రాకుండానే వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ ఇద్దరూ చెప్పుకున్న కబుర్లు. వీటిని ఎవరూ లెక్కపెట్టలేదు, నేను కూడా. ఇవి కాక ఇంకొకటి ఉంది. దాన్ని పోయినవాటిలో వెయ్యను. రావలసినవాటిలో వేస్తాను.

ఇప్పుడు మేముండేది వేరే రాష్ట్రంలో, మోరిస్‌విల్‌లో. కిందటి ఏడాది మా వారి పాత స్నేహితుడి కూతురి పెళ్ళికి ఆర్కన్సాలోని బెంటన్‌విల్ వెళ్ళాం. మెహందీకీ సంగీత్‌కీ మధ్య ఒక మధ్యాహ్నం ఖాళీ దొరికితే, కారు తీసుకుని అరగంట దూరంలో ఉన్న ఆ చిన్న ఊరికి ఒక్కదాన్నే వెళ్ళాను. పెళ్ళై అమెరికా వచ్చిన కొత్తలో మేం కాపురం పెట్టింది అక్కడే. ఇల్లున్న చోట నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచాయి, వాటికి మిస్ ఎడా పూర్వీకుడు జడ్జి పెండ్రీ పేరే పెట్టారు. పక్కన ఒకప్పటి మట్టిదారి నాలుగు వరసల రోడ్డైంది. ఆ ఇంటిది అనగలిగింది ఒక్కటే మిగిలింది, జడ్జిగారు గుర్రం ఎక్కడానికి వాడిన సున్నపురాతి దిమ్మ. దాని పక్కనే ఇనప స్తంభం మీద చారిత్రక ఫలకం. ఫలకం చదివాను. తర్వాత కారులోంచి నా లేజర్ కొలబద్ద తీశాను. కలప దుకాణంలో ఇంటికెంత చెక్క పడుతుందో అంచనా కట్టడం నా ఉద్యోగం కాబట్టి అది ఎప్పుడూ కారులోనే ఉంటుంది.

లెక్క నాకు బడిలో అబ్బింది కాదు. రాజమండ్రిలో నాన్నకు టింబరు డిపో ఉండేది. దుంగ నడుముకు టేపు చుట్టి, చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చవేసి, పొడవుతో మళ్ళీ హెచ్చవేస్తే అందులో ఎంత కలప ఉందో తేలుతుంది. ఎనిమిదో ఏటికే అది నాకు నోటిలెక్క. ఇంటర్‌తో చదువు ఆగింది, అలవాటు ఆగలేదు. పెళ్ళయ్యాక మా వారు ప్రసాద్ కాంట్రాక్టు ఉద్యోగంతో బెంటన్‌విల్ వచ్చారు. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు. మిగతావాళ్ళంతా అపార్ట్‌మెంట్లలో నలుగురేసి సర్దుకుంటుంటే, ఆయనకు ఆఫీసు నోటీసు బోర్డు మీద మిస్ ఎడా ఇచ్చిన ప్రకటన కనిపించింది. పై అంతస్తు అద్దెకు. మేం చూడ్డానికి వెళ్ళిన రోజు ఆవిడ గదులు చూపించలేదు. నన్ను మేడ మీద నిలబెట్టి, కింద వంటింట్లో తన చేతికర్రను నేలకేసి కొట్టింది.

"వినిపించిందా?"

"వినిపించిందండీ."

"అయితే ఇల్లు మీదే. నేను పడితే చప్పుడు వినేవాళ్ళు కావాలి, అంతే."

అప్పటికే ఆవిడకు ఎనభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో పిల్లలకు ముప్పై ఏళ్ళ పైచిలుకు పియానో నేర్పింది. పొద్దున్నే కాఫీ పాత్ర గుడగుడలు, పంది మాంసం వేగే వాసన, ఇనప మూకుడులో మొక్కజొన్న రొట్టె. మంగళవారం బల్ల గుడ్డలకు ఇస్త్రీ, ఆదివారం చర్చి నుంచి రాగానే గోడ గడియారానికి తాళం. ఆ ఇంట్లో ఎక్కడ ఊపిరి పీల్చినా కలరా ఉండలూ, చెక్కకు రాసే నిమ్మనూనే కలిసిన వాసన. మా వంట వాసన మొదటిసారి మెట్లు దిగినప్పుడు ఆవిడ కిందనుంచే అడిగింది. "పైన ఏమైనా చచ్చిందా, హనీ?" ఏమీ చావలేదని, పప్పులో ఇంగువ పోపు పెట్టానని చెప్పాను. "కొంచెం పట్రా. చచ్చిందో లేదో తిని చెబుతాను" అంది. గిన్నె ఖాళీ చేసి ఇచ్చింది గానీ ఏ సంగతీ తేల్చలేదు. మర్నాడు మళ్ళీ గిన్నె పంపింది.

ముందు గదిలో జడ్జిగారి నూనెరంగుల పటం ఉండేది. జడ్జి ఎజ్రా పెండ్రీ ఆవిడకు ముత్తాత. నెలకోసారి మెత్తటి రొట్టె ముక్కతో ఆ పటం మీది మసిని అద్ది తీసేది. అలా అద్దుతూనే ఆయన కథ చెప్పేది. నుదుటి దగ్గర మొదలుపెడితే టెనసీలో పుట్టడం, గడ్డం దగ్గరకు వచ్చేసరికి సుప్రీంకోర్టు. తండ్రి వెనక ఎద్దుబండిలో పసితనంలోనే ఆర్కన్సా వచ్చాడట. కాలేజీ గడప తొక్కలేదు. ఒక లాయరు దగ్గర గుర్రానికి గడ్డి వేస్తూ, ఆయన పుస్తకాలే చదివి లాయరయ్యాడు. ముందు ప్రాసిక్యూటరు, తర్వాత ఎన్నికల్లో గెలిచి సర్క్యూట్ జడ్జి. ఏడాదికి రెండుసార్లు తోలుసంచిలో చట్టం పుస్తకాలు వేసుకుని, గుర్రం మీద కౌంటీ వెంట కౌంటీ తిరిగేవాడు. కోర్టు భవనం లేని చోట కిరాణా కొట్లో, అదీ లేకపోతే ఓక్ చెట్టు కింద కోర్టు పెట్టేవాడు. పగలు తన ముందు వాదించిన లాయర్లతోనే రాత్రి సత్రంలో ఒకే పరుపు మీద పడుకోవడం. అంతర్యుద్ధం వచ్చి కోర్టులు మూతపడ్డాయి, కోర్టు ఇల్లు తగలబడింది. ఓడిన దక్షిణాది పక్షాన నిలబడినందుకు కొన్నేళ్ళు ఏ పదవికీ పనికిరానివాడయ్యాడు. ఆ నిషేధం సడలాక జనం మళ్ళీ ఎన్నుకున్నారు. రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్నాడు. చివరికి రాష్ట్ర సుప్రీంకోర్టు చేరి, రాజీనామా చేసి వచ్చి ఈ ఇంట్లోనే కన్నుమూశాడు.

వీటన్నిటిలో ఆవిడకు ప్రాణమైన కథ గొలుసుది. ఇద్దరన్నదమ్ములు వాగు గట్టు కోసం కొట్టుకుంటే సాక్షులు మూడు రోజులు తలో మాటా చెప్పారట. జడ్జిగారు విసిగి కోర్టు ఆపి, జూరీనీ లాయర్లనూ బురదలో నడిపించుకుపోయి, తానే గొలుసు ఒక చివర పట్టుకుని హద్దు కొలిపించాడట. "తన కంటితో చూడందీ తన చేత్తో కొలవందీ ఆయన తీర్పులో పెట్టలేదు" అని ఆవిడ భోజనానికి ముందు ప్రార్థన చెప్పినంత శ్రద్ధగా చెప్పేది. ఆ గొలుసే గోడకుండేది. వంద లింకులు, అరవై ఆరడుగులు. మా వైపు కరణాలు పొలాలు కొలిచిన గొలుసు కూడా ఇదే. ప్రపంచానికి అటు చివర ఇంకొక గోడ మీద దాన్ని చూసిన రోజున, ఆ ఇంట్లో నాకు కొత్త పోయింది.

ఆ ఏడు వేసవిలో మా అమ్మ ఆరు నెలలుండడానికి వచ్చింది. అమ్మకూ మిస్ ఎడాకూ పరిచయం కుదిర్చింది బెండకాయ. ఆవిడ పెరట్లో మొక్కలు మోకాలు దాటి కాసేవి. ఆవిడ మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించేది, అమ్మ ఎండుమిర్చీ వెల్లుల్లీ వేసి వేపేది. ఒకరి మూకుట్లోకి ఒకరు తొంగిచూసి, ఎవరి భాషలో వాళ్ళు తప్పులు పట్టేవాళ్ళు. "పాపం, బంగారంలాంటి బెండకాయల్ని పిండిలో ముంచి చంపేస్తోందే" అని అమ్మ. "మీ అమ్మ ఏమంటోంది?" అని ఆవిడ. "బాగుందంటోందండీ" అని నేను. "అబద్ధం. ఆ మొహం బాగుందనే మొహం కాదు" అని ఆవిడ. బెండకాయ వండటం తన నాయనమ్మకు ఎవరు నేర్పారో కూడా ఒకసారి మాటల్లో చెప్పింది. జడ్జిగారి వంటింట్లో పనిచేసిన హానా అనే ఆవిడ. "జడ్జిగారి నాన్న టెనసీ నుంచి ఎద్దుల్నీ తెచ్చాడు, మనుషుల్నీ తెచ్చాడు" అంది. ఆ మాట దగ్గర ఆగి, లేచి వెళ్ళి మూకుడు కడిగింది.

అప్పుడు ఆవిడ మనసంతా ఫలకం మీద ఉంది. జడ్జిగారి పేర ఇంటి ముందు చారిత్రక ఫలకం కావాలని ఎన్నో ఏళ్ళుగా రాస్తుంటే చివరికి ఆమోదం దొరికింది. ఫలకాల కమిటీ నుంచి ఇద్దరు వచ్చి స్థలం చూసి, రాతను ఖాయం చేస్తామన్నారు. వాళ్ళు రావడానికి వారం ముందు శ్రావణ శుక్రవారం పడింది. దగ్గర్లో గుడి లేదని అమ్మ గురువారమంతా సణిగింది. తెల్లవారి నేను కాఫీకి కిందికి దిగేసరికి వంటింటి కిటికీ దగ్గర మిస్ ఎడా కదలకుండా నిలబడి ఉంది. పెరటి చివర, పెండ్రీల కుటుంబ సమాధుల ఇనప కంచెకు బయట, దేవదారు చెట్ల కింద గడ్డి పచ్చగా లేదు. పసుపుగా మెరుస్తోంది. పరుగెత్తాను. అమ్మ చెంబుతో నీళ్ళు పోసి కడిగి, నేలలో సగం దిగబడిన మొరటు రాళ్ళకు పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో బంతిపువ్వు ఉంచుతోంది.

"ఏం చేశావమ్మా?"

"ఏం చేశాను? శుక్రవారం పూటా వీళ్ళ అమ్మవార్లు పసుపూ బొట్టూ లేకుండా పడున్నారు. చూడలేకపోయాను."

"ఇవి దేవుళ్ళని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలే? ఉత్తి రాయి తనంతట తాను వరసలో నిలబడదు."

మిస్ ఎడా కర్ర పొడుచుకుంటూ వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. పొలం దున్నేటప్పుడు ఏరి పారేసిన రాళ్ళని వాళ్ళ నాన్న చెప్పేవాడని మాత్రం అంది. మీ అమ్మ ఏమందో చెప్పు, ఈసారి తిన్నగా చెప్పు అని అడిగింది. చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆ రాళ్ళకేసి చూసింది. తడిసిన పసుపు మీద ఎండ పడి వరసలు గీత గీసినట్టు కనిపిస్తున్నాయి. "పుట్టినప్పటి నుంచి ఆ కిటికీలోంచి చూస్తున్నాను" అంది. "గొలుసు తీసుకురా, హనీ. జడ్జిగారైతే ఏం చేసేవాడో అదే చేద్దాం."

గొలుసు వాడివాడి సాగిపోతుంది కాబట్టి ముందు దాన్ని టేపుతో సరిచూశాను. మూడంగుళాలు ఎక్కువ వచ్చింది. గుర్రపు దిమ్మ ఈశాన్య మూల నుంచి మొదలుపెట్టాం. ఒక చివర మిస్ ఎడా కుర్చీ వేసుకుని పట్టుకుంది, రెండో చివర నేను, మధ్యలో గడ్డికి తగలకుండా అమ్మ చెంగు దోపుకుని ఎత్తి పట్టింది. రాళ్ళు పంతొమ్మిది. పడమటివైపువి పెద్దవి, తూర్పువైపువి చిన్నవి. సమాధులకు పెట్టినట్టు తలకొకటి, కాళ్ళకొకటి. తలరాళ్ళు పదకొండు, కాలిరాళ్ళు ఎనిమిది. కాలిరాళ్ళలో మూడింటికి ఎదురుగా తలరాయి లేదు. పదకొండూ మూడూ కలిస్తే పద్నాలుగు సమాధులు. చెట్ల కింద నాలుగు, మధ్య వరసలో ఐదు, మట్టిదారి వైపు ఐదు. దారివైపు వరస దిమ్మ నుంచి ఒక గొలుసూ పది లింకులూ. సాగినందుకు సరిచేస్తే డెబ్భై మూడడుగులకు అంగుళంన్నర తక్కువ. ఆ వరసలో మాత్రం తలరాయికీ కాలిరాయికీ మధ్య దూరం ఒకచోట మూడడుగులు, ఒకచోట రెండున్నర. నేను లెక్క తప్పిందనుకుని మళ్ళీ కొలిచాను. అమ్మ చెంగు వదిలేసి, "మళ్ళీ కొలవకే. పిల్లలు" అంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చాల్సిన పని లేకపోయింది.

సమాధులకు పసుపు రాశానని తెలిశాక అమ్మ తలస్నానం చేసింది. సాయంత్రం అన్నం, బెండకాయ వేపుడు కలిపి విస్తరిలా మడిచిన కాగితంలో పెట్టుకుని దేవదారు చెట్ల వైపు బయల్దేరింది. మైల పడతావేమో చూసుకో అన్నాను. "మైల నాకు. ఆకలి వాళ్ళకి. పెట్టేవాళ్ళు లేనివాళ్ళకి పెడితే ఏ శాస్త్రమూ తప్పనదు" అంది. వెనకాలే మిస్ ఎడా మొక్కజొన్న రొట్టె ముక్క పట్టుకుని నడిచింది.

మర్నాటి నుంచి ఆవిడకు ఒకటే పని, ఫలకం మీద ఆ పద్నాలుగుమందికి చోటు చేయడం. ఫలకంలో పట్టే వరసలు ఇన్నే, వరసకు అక్షరాలు ఇన్నే అని కమిటీ ముందే చెప్పింది. ఆమోదమైన రాత అంగుళం ఖాళీ లేకుండా జడ్జిగారితో నిండి ఉంది. ఆవిడ చదువుతుంటే నేను అక్షరాలు లెక్కపెట్టేదాన్ని. ఆయన పటం ముందు పెన్సిలు పట్టుకుని కూర్చున్న ఆవిడ, ఆయన మీదే తీర్పు చెప్పినట్టుండేది. "రాజ్యాంగ సభ తీసేస్తే?" "పాతిక అక్షరాలు వస్తాయండీ." "చాలవు. ప్రాసిక్యూటరు పదవి కూడా కొట్టేయి. టెనసీలో పుట్టాడని ఎవరికి కావాలి? అందరూ టెనసీ నుంచే వచ్చారు." సుప్రీంకోర్టు దగ్గర పెన్సిలు చాలాసేపు ఆగింది. దాన్ని ఉంచేసి, 'గౌరవనీయ' అన్న మాట కొట్టేసింది. చివరికి ఒక వరస పూర్తిగా ఖాళీ అయింది. ఆయన గృహంలో బానిసలుగా బతికిన పద్నాలుగుమంది ఇక్కడ ఉన్నారు, వారిలో ఒకరి పేరు హానా కావచ్చు అని ఆవిడ రాసింది.

కమిటీ వాళ్ళు ఇద్దరూ మర్యాదస్తులే. రాళ్ళు చూశారు, నా కొలతలు విన్నారు. అప్పటికి ఒక వాన పడి పసుపు సగం పోయింది. అందులో పెద్దాయన, కాగితం మీద ఆధారం లేనిదే ఫలకం మీద పెట్టడం కుదరదన్నాడు. ఉన్న రాతకు ఇప్పుడే ఒప్పుకుంటే నెలలో ఫలకం వస్తుంది, మారుస్తానంటే మళ్ళీ మొదటి నుంచి రావాలన్నాడు.

"జడ్జిగారు కాగితాల మీద లెక్క ఉన్న మనిషి, మిస్ ఎడా. ఆయన ఇచ్చిన తీర్పులకు పుస్తకాలున్నాయి. వీళ్ళకు ఏముంది?"

"రాళ్ళున్నాయి. వాగు గట్టుకు జడ్జిగారు కాగితం అడగలేదు."

"మీరు ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నారో మాకు తెలుసు."

"నాకూ తెలుసు. ఆ వరస లేకపోతే ఫలకం వద్దు."

వాళ్ళు వెళ్ళాక వరండా ఉయ్యాలలో కూర్చుంది. బతికుండగా ఫలకం చూడాలన్నది ఆవిడ కోరిక. ఇంకెన్నేళ్ళుంటానో అని ఆవిడకూ ఒక లెక్క ఉండే ఉంటుంది. ఐనా ఆ మాట ఎత్తలేదు. గడ్డి కోసే మనిషిని పిలిపించి, ఆ రాళ్ళ దగ్గర యంత్రం నడపకూడదనీ, చేత్తో కొయ్యాలనీ చెప్పింది. అమ్మ తిరిగి వెళ్ళేముందు తన పసుపు డబ్బా ఆవిడకే ఇచ్చింది. మరుసటి వసంతానికి మా వారి ప్రాజెక్టు అయిపోయి మేం కూడా ఊరు మారాం. ఆవిడ ఫోనులో పలకరించినప్పుడల్లా పసుపు వానకు పోయిందనీ, మళ్ళీ రాశాననీ చెప్పేది. కొన్నేళ్ళకు ఆ ఫోను ఆగిపోయింది. ఎక్కడో ఉన్న దూరపు వారసుడు ఇల్లు అమ్మేశాడు. పెండ్రీల సమాధుల్ని, పేర్లున్నవి కాబట్టి, ఊరి శ్మశానానికి తరలించారు.

అందుకే కిందటేడు ఆ ఫలకం చదివి అలా నిలబడిపోయాను. టెనసీ ఉంది, ప్రాసిక్యూటరు ఉంది, రాజ్యాంగ సభ ఉంది, 'గౌరవనీయ' ఉంది. ఆవిడ వద్దన్న ఆ మొదటి రాతనే ఆవిడ పోయాక పెట్టించారు, ఒక్క అక్షరం తగ్గలేదు. దేవదారు చెట్ల కింద మాత్రం కొత్త కంచె వేసి, పేరు తెలియని సమాధులు తొమ్మిది అని చిన్న పలక పెట్టారు. ఎవరో మంచి మనసుతో పెట్టిందే. వాళ్ళకు కనిపించిన రెండు వరసలూ కంచెలో ఉన్నాయి. మూడో వరస రాళ్ళు చిన్నవి. గడ్డి యంత్రాలకూ మట్టికీ అవి ముందే పోయి ఉంటాయి. దిమ్మ మూల మీద లేజరు పెట్టి డెబ్భై మూడడుగులకు అంగుళంన్నర తగ్గించాను. ఎర్ర చుక్క కంచె దాటి, రోడ్డు మీద ఎడమ మలుపుకు వేసిన తెల్లబాణం మీద పడింది.

అపార్ట్‌మెంట్లోంచి చెత్తసంచి పట్టుకుని వచ్చిన అమ్మాయి నా చీర చూసి ఆగింది. వరంగల్ అట, బెంటన్‌విల్‌లోనే ఉద్యోగం. "ఏం కొలుస్తున్నరు ఆంటీ? మీరు రియల్టరా?" అని అడిగింది. చెప్పాను. తను రోజూ ఆఫీస్‌కి ఆ మలుపు మీదుగానే డ్రైవ్ చేస్తానంది. సిగ్నల్ పడితే అక్కడే ఆగుతానంది. చెత్తసంచి కింద పెట్టింది. "పైపులకోసం ఆ లేన్ మళ్ళీ తవ్వుతరట ఆంటీ. మా లాబీలో నోటీస్ పెట్టిన్రు. వచ్చే ఏడాది మీటింగ్ ఉంది, ఎవరైనా మాట్లాడొచ్చంట" అంది.

అప్పట్లో ఆ చుట్టుపక్కల మా భాష వినాలంటే నేను అమ్మతో మాట్లాడుకోవాలి. ఇప్పుడు ఆ రోడ్డు పొడుగునా తెలుగే వినిపిస్తోంది, దోసెల బండి కూడా వచ్చింది. ఇంగువ వాసనకు ఎవరూ ఏమైనా చచ్చిందా అని అడగరు. అప్పుడు ముగ్గురం ఆడవాళ్ళం, ఒక తుప్పు గొలుసు. ఆ ముగ్గురిలో ఇద్దరు లేరు, ఆ గొలుసు ఎవరింటికి పోయిందో తెలియదు. కొలతలు మాత్రం ఎక్కాల్లాగా నా నోట్లోనే ఉన్నాయి. మీటింగులో మాట్లాడతానని పేరిచ్చాను. టిక్కెట్టు బుక్ చేశాను. వెళ్ళొద్దనే అలవాటు మా వారికి ఎప్పుడూ లేదు, లేజరుకు బ్యాటరీలు మార్చి ఇచ్చారు. రోడ్డు ఎత్తేయమని అడగను. తవ్వే రోజున ఆ బాణం దగ్గర యంత్రం ఆపి చేత్తో తవ్వమంటాను, కంచె అక్కడిదాకా జరపమంటాను, పలక మీద అంకె మార్చమంటాను. ఒప్పుకోకపోతే తర్వాతి మీటింగుకు కూడా పేరిస్తాను.

మాట్లాడ్డానికి మనిషికి మూడు నిమిషాలిస్తారట. నాకు అంత అక్కర్లేదు. జడ్జిగారి దిమ్మ నుంచి కొలిచి మేం లెక్కతేల్చింది పద్నాలుగు. కంచెలో ఉన్నది తొమ్మిది. రావలసింది ఐదు.